ఒకే స్లైడు మిగిలినప్పుడు

2019 ఫిబ్రవరి. నిజామాబాద్ ఖలీల్‌వాడీలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్. అందులో రెండో అంతస్తులోని చివరి గది మా హిస్టోపాథాలజీ విభాగం. శరీరం నుంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటానికి సిద్ధం చేసే చోటన్నమాట. ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాక నేను అక్కడ చేరాను. ఏ రోజు ఎన్ని ముక్కలు కోశాను, ఏ రంగులో ఎన్ని నిమిషాలు ఉంచాను అని డైరీలో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచి నాకున్న అలవాటు. ఈ కేసు గురించి ఆ ఏటి డైరీలో తొమ్మిది పేజీలు ఉన్నాయి.

పేషెంటు పేరు సువార్తమ్మ. వయసు యాభై నాలుగు. రెంజల్ మండలంలో ఒక ఊరు. పెళ్లైన నాటి నుంచి బీడీలు చుడుతోంది. మూడు నెలలుగా దగ్గు. ముందు టీబీ అనుకున్నారు. కఫంలో టీబీ లేదు. స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. స్కాన్ చూస్తూ ఛాతీలోకి సూది దించి ముక్క తీశారు. దాన్నే బయాప్సీ అంటాం. సూది తీశాక ఆమె ఊపిరితిత్తి నుంచి గాలి లీకైంది. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరిలో అలా జరుగుతుంది. నాలుగు రోజులు ఛాతీకి పైపు పెట్టి ఉంచారు.

మా దగ్గరికి వచ్చిన సీసాలో మూడు తునకలున్నాయి, దారప్పోగుల్లా. మైనంలో బిగించి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పలుచన చేసి, గాజు స్లైడు మీదికి ఎక్కించాను. చిన్న ముక్కలైతే ఒకే స్లైడు మీద రెండు కోతలు పక్కపక్కన పరచడం నా పద్ధతి. ఒకటి చిరిగినా ఇంకొకటి ఉంటుందని. ఊదా, గులాబీ రంగులు వేసే మామూలు స్టెయినింగ్ చేసి డాక్టర్ మాధురికి ఇచ్చాను. ఆమె మా పాథాలజిస్టు.

ఆమె చాలాసేపు చూసి తలెత్తారు. "క్యాన్సరే, లింబాద్రి గారు. రెండు తునకల్ల చచ్చిపోయిన కణాలే ఉన్నయి. మూడోదాంట్ల ఆవగింజంత ఉన్నది ట్యూమర్. ఏ రకమో చెప్పలేను. ఐహెచ్‌సి చేద్దాం."

ఐహెచ్‌సి అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. ఒక్కో రకం కణం తనకు ప్రత్యేకమైన కొన్ని ప్రోటీన్లు తయారు చేస్తుంది. యాంటీబాడీ అనే ద్రవం వేస్తే అది తనకు సంబంధించిన ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమ రంగు వచ్చేలా చేస్తాం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా ఎదురయ్యే రెండు రకాలు అడినోకార్సినోమా, స్క్వామస్ కార్సినోమా. టీటీఎఫ్-1 అనే ప్రోటీన్ కనిపిస్తే చాలావరకు అడినో. పీ40 కనిపిస్తే స్క్వామస్. పేరులో తేడాయే కదా అనుకోవద్దు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు. ఇంకో మందు స్క్వామస్ ఉన్నవాళ్లకు ఇస్తే ఊపిరితిత్తి నుంచి రక్తం పడే ప్రమాదం ఉంది. అడినో అని తేలితే జీన్ పరీక్ష చేసి, అందులో ఫలానా మార్పు ఉంటే, సెలైన్లు లేకుండా మాత్రలతోనే వైద్యం నడిపే వీలుంది.

నేను మాత్రం మనసులో తీర్పు రాసేసుకున్నాను. బీడీల మనిషి, స్క్వామసే అయ్యుంటుంది అనుకున్నాను.

సోమవారం పొద్దున పనిలో దిగాను. కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో నానిన ముక్కలో ప్రోటీన్లు ముడుచుకుపోయి ఉంటాయి. బఫర్ అనే ద్రావణంలో ఉడికిస్తే అవి తెరుచుకుంటాయి. పెద్ద నగరాల్లో దానికి యంత్రాలున్నాయి. మా దగ్గర పప్పు వండుకునే ప్రెషర్ కుక్కరే. సిట్రేట్ బఫర్, మూడు విజిల్స్, ఇరవై నిమిషాలు చల్లార్చడం. డైరీలో ఉన్న లెక్క అదే. ఆ లెక్కతో అంతకుముందు ఏడాదిన్నర పాటు ఒక్క స్లైడు కూడా చెడలేదు. సువార్తమ్మ ముక్క మళ్ళీ యంత్రానికి ఎక్కించి, మైనం ముఖం నున్నగా వచ్చేదాకా చెక్కి, టీటీఎఫ్-1కి ఒక స్లైడు, పీ40కి ఒక స్లైడు కోశాను. పక్కనే రెండు కంట్రోల్ స్లైడ్లు పెట్టాను. కంట్రోల్ అంటే ఆ ప్రోటీన్ కచ్చితంగా ఉందని ముందే తెలిసిన వేరే ముక్క. దాని మీద రంగు రావాలి. రాకపోతే లోపం పరీక్షలో ఉన్నట్టు.

మధ్యాహ్నానికి సువార్తమ్మ స్లైడ్లు రెండూ, కణాలు కనబడటానికి చివర్లో వేసే రంగుతో, నీలంగా ఉన్నాయి. గోధుమ రంగు చుక్క కూడా లేదు. అంటే టీటీఎఫ్-1 నెగెటివ్, పీ40 నెగెటివ్. అలాంటి క్యాన్సర్లు కూడా ఉంటాయి. దానికీ ఒక పేరు ఉంది, దానికీ ఒక రిపోర్టు ఫార్మాట్ ఉంది. నేను ఆ ఫార్మాట్ తీసి పెట్టుకున్నాను కూడా.

మాధురి గారు కుర్చీలో కూర్చుంటూనే అడిగారు. "కంట్రోల్ ఏది?"

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను కంట్రోల్ స్లైడ్లు చూడలేదు. ఏడాదిన్నరగా ఎన్నడూ చెడలేదు కాబట్టి చివరికి చూద్దామనుకున్నాను. ఆమె వాటిని పెట్టుకుని చూశారు. పక్కకు జరిగి నన్ను చూడమన్నారు. టీటీఎఫ్-1 కంట్రోల్ థైరాయిడ్ ముక్క. ప్రతి కణం మధ్యలో గోధుమ చుక్క ఉండాలి. అదీ నీలంగానే ఉంది. పీ40 కంట్రోల్‌లో టీ మరక లాంటి ఛాయ ఉందేమో అనిపించింది, అంతే.

ఫ్రిజ్ తెరిచి యాంటీబాడీ డబ్బాలు తీశాను. పాత స్టాకు అయిపోయి ఆ నెలే కొత్తది వచ్చింది. పేరు అదే, క్లోన్ వేరు. అంటే అదే ప్రోటీన్‌ను పట్టే వేరే తయారీ. డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. మడత విప్పిన గుర్తు లేదు. సిట్రేట్ వద్దు, పీహెచ్ తొమ్మిది బఫరే వాడాలి అని రెండో పేరాలోనే రాసి ఉంది. రెండు డబ్బాల్లోనూ అదే మాట. నేను డబ్బా కాగితం చదవలేదు. నా డైరీ చదివాను.

బ్లాకు, అంటే ముక్క బిగించిన మైనం దిమ్మె, తీసుకుని మళ్ళీ మైక్రోటోమ్ దగ్గరికి వెళ్ళాను. నాలుగు కోతలు కోశాను. మైనమే వచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. ఆవగింజంత ఉన్న ఆ భాగం అయిపోయింది. నున్నటి ముఖం కోసం నేను చెక్కిన చెక్కుల్లో కొంత, పనికిరాకుండా పోయిన రెండు స్లైడ్లలో కొంత.

మిగిలింది ఒక్కటే. మొదటి రోజు రంగు వేసిన మామూలు స్లైడు.

మాధురి గారు ముందు హైదరాబాద్‌లో వైద్యం చేయబోయే డాక్టరుతో మాట్లాడారు. రకం తెలియకుండా మందు మొదలుపెట్టనని, వచ్చే బుధవారం దాటి ఆపడమూ మంచిది కాదని, కుదరకపోతే మళ్ళీ ముక్క తీయించమని ఆయన అన్నారు. తర్వాత ఆమె అక్కడి ఒక పెద్ద ల్యాబుకు ఫోన్ చేశారు. రంగు వేసిన స్లైడు ఒక్కటే ఉంటే తీసుకోబోమని, బ్లాకు కావాలని వాళ్ళు చెప్పారు.

ఒక దారి ఉంది. వేసిన రంగు కడిగేసి, అదే ముక్క మీద ఐహెచ్‌సి చేయొచ్చు. కానీ ఆ స్లైడు మామూలు గాజు. ఐహెచ్‌సికి వాడే గాజుకు ముక్క అతుక్కుని ఉండేలా పూత ఉంటుంది. దీనికి లేదు. వేడి బఫర్‌లో ముక్క లేచిపోతే, ఆమెకు క్యాన్సర్ ఉందనడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం కూడా సింకులోకి పోతుంది.

"పేషెంటోళ్ళను రేపు పిలుస్తా. సాంకేతిక కారణాల వల్ల టెస్ట్ రాలేదని నేను చెప్త. మీరు ఊకోండి," అన్నారు మాధురి గారు.

"లేదమ్మా, నేనే చెప్త," అన్నాను.

మంగళవారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. సువార్తమ్మ సన్నటి మనిషి. పైపు తీసి ఒక రోజే అయింది. ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని నడుస్తోంది. భర్త దేవదాసు. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో దాని ల్యాబులో చెరకు రసం శాంపిళ్ళు తెచ్చే పని చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కౌలు సేద్యం.

"రిపోర్ట్ అయిందా సార్? వచ్చే బుధారం రమ్మన్నడు హైదరాబాద్ డాక్టర్," అన్నాడు.

"కాలేదు. టెస్ట్ చేసిన, ఖరాబైంది. ఖరాబ్ చేసింది నేనే. కొత్త మందు వచ్చింది. దాని కాయితం సదవకుండ పాత పద్ధతిల చేసిన. ముక్క అయిపోయింది."

దేవదాసు నా వైపు ఒక అడుగు వేశాడు. "నేను గూడ ల్యాబ్‌ల చేసినోణ్ణే సార్. రసం ఖరాబైతే డబ్బ పట్టుకొని మళ్ళ మిల్లు కాడికి ఉరుకుతుంటిమి. గిది మిల్లా సార్? మళ్ళ తెచ్చుడంటే ఆమె ఛాతిలకెళ్ళి తెచ్చుడు."

"సూది పేరు ఎత్తకుండ్రి," అంది సువార్తమ్మ. గొంతు పెద్దది కాదు. "నాలుగు దినాలు పైపు పెట్టిండ్రు. ఊపిరి తీస్తే లోపల కత్తి తిరిగినట్టు. మళ్ళ గదే అంటె నన్ను ఇంటికి తీస్కపోండ్రి. గాడనే ఉంట ఎన్ని దినాలుంటే గన్ని."

"నువ్వూకో," అన్నాడు భర్త.

"నేనెందుకూకుంట? సూది నీకు పొడిసిండ్రా? ఒక్క బీడి నోట్లె పెట్టుకోలే నేను. నీ నోట్లకే సుట్టి సుట్టి ఇచ్చిన. దగ్గు మాత్రం నాకొచ్చె."

మాధురి గారు మిగిలిన స్లైడు సంగతి నెమ్మదిగా వివరించారు. రంగు కడిగి రెండోసారి చేయొచ్చని, ముక్క లేచిపోతే సూది తప్ప దారి ఉండదని, చేయకుండా అలాగే ఉంచుకుంటే క్యాన్సర్ అనే మాటకైనా ఆధారం ఉంటుందని.

"నాదేనా అది? నాకు సూపియ్యుండ్రి," అంది సువార్తమ్మ.

స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి స్టూలు జరిపాను. ఆమె ఒక కన్ను మూసుకుని చూసింది. "గిదేంది, ఆకుల పొగాకు సమంగ పడకుంటె ఉన్నట్టున్నది. ఒక దిక్కు కుప్ప, ఒక దిక్కు ఖాళీ."

"ఆ కుప్పనే అమ్మా," అన్నారు మాధురి గారు.

ఆమె లేచి నా వైపు తిరిగింది. "మళ్ళ మీరే చేస్తరా? ఖరాబ్ చేసినాయినే?"

"వద్దంటే నేను ముట్టను. డాక్టరమ్మ పక్కనుండి వేరేటోళ్ళతోని చేపిస్తది."

సువార్తమ్మ భర్తను చూపించింది. "ముప్పై ఏండ్లాయె ఈయన తోని. ఒక్క దినం తప్పైందని అన్లే. మీరు కూసోకముందే అన్నరు. మీరే చేయుండ్రి. పోతే పోయె."

బుధవారం అంతా అభ్యాసం. మాధురి గారు ముందుగా సువార్తమ్మ స్లైడును ప్రతి మూలా ఫోటో తీసి పెట్టుకున్నారు. పైన అతికించిన పలుచటి కవర్ గ్లాసు ఊడి రావడానికి దాన్ని జైలీన్ అనే ద్రవంలో నానబెట్టాను. గోరుతో గీకకూడదు. దానంతట అది జారేదాకా ఆగాలి. ఈలోపు రిపోర్టులు ఎప్పుడో అయిపోయిన పాత ఊపిరితిత్తి కేసుల స్లైడ్లు రెండు తీసుకున్నాను. అదే మామూలు గాజు, అదే రంగు. రంగు కడిగి, పీహెచ్ తొమ్మిది బఫర్‌లో, కుక్కర్‌లోనే పెట్టాను. మూత తీసేసరికి ఒకదాని మీద గాజు తప్ప ఏమీ లేదు. ముక్క బఫర్‌లో జిల్లేడు దూదిలా తేలుతోంది.

మాధురి గారికి చూపించాను. "రేపు ఇట్లైతే?" అన్నారు.

"కుక్కర్ వద్దమ్మా. ఆ కుతకుతకే లేస్తున్నది."

రెండోసారి పద్ధతి మార్చాను. రంగు కడిగిన స్లైడును ముందు అరవై డిగ్రీల వేడిలో రెండు గంటలు ఆరబెట్టాను. కుక్కర్ బదులు వాటర్ బాత్. నీళ్ళు మరగకుండా తొంభై అయిదు డిగ్రీల దగ్గర నిలిపే తొట్టి అది. నలభై నిమిషాలు. కదలిక లేని వేడి. ఈసారి మూడు పాత స్లైడ్లు పెడితే మూడూ నిలిచాయి. సాయంత్రానికి వాటి మీద గోధుమ చుక్కలు వచ్చాయి. డబ్బాలో కాగితం బయటకు తీసి, ప్రతి వాక్యం చదివి, వేలు పెట్టి గుర్తు పెట్టుకుంటూ చేశాను.

ఒకే స్లైడు మీద రెండు పరీక్షలు ఎలా అన్నది మిగిలిన చిక్కు. పక్కపక్కన రెండు కోతలు పరిచి ఉండటం మంచిదైంది. నీళ్ళు దాటనివ్వని గీత గీసే పెన్ను ఒకటి ఉంటుంది మా పనిలో. ఒక్కో కోత చుట్టూ దానితో గుండ్రంగా గీసి, ఒక వలయంలో టీటీఎఫ్-1, ఇంకో వలయంలో పీ40 వేయాలి. మధ్యలో ఖాళీ నాలుగు మిల్లీమీటర్లు. ఒకటి పొంగి రెండోదాంట్లో కలిస్తే రెండూ చెడతాయి.

గురువారం పొద్దున ఎనిమిదింటికి కవర్ గ్లాసు తనంతట తాను జారింది. ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో ముంచుతుంటే ఊదా, గులాబీ రంగులు పోయి, ముక్క గాజు మీద శ్వాస ఆవిరి లాగా మిగిలింది. ఉందో లేదో తెలియాలంటే వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. ఆరబెట్టి, వాటర్ బాత్‌లో దించాను. ఆ నలభై నిమిషాలు ఇంకో పని పెట్టుకోలేదు. థర్మామీటరు చూస్తూ నిలబడ్డాను.

బఫర్‌లోనే చల్లారనిచ్చి పైకి తీశాను. కుడి వైపు కోత అంచు ఒకటి లేచి ఉంది. పుస్తకం పేజీ మూల మడిచినట్టు. పీ40 వేయాల్సిన వైపు. మామూలుగా ఈ దశలో నీళ్ళతో కడగాలి. కడిగితే పోతుంది. స్లైడును బల్ల మీద పడుకోబెట్టి, డ్రాపర్‌తో పక్క నుంచి ఒక్కో చుక్క వదిలాను. ఆరో ఏడో చుక్కకు అంచు వెనక్కి వాలి గాజుకు ఆనుకుంది. నా చొక్కా వీపు తడిసిపోయిందని అప్పుడు తెలిసింది. ఫిబ్రవరి నెల, ఏసీ గది.

వలయాలు గీశాను. యాంటీబాడీలు వేశాను. గంట సేపు తడి పెట్టెలో ఉంచాను. పక్కన ఈసారి కూడా రెండు కంట్రోల్ స్లైడ్లు. చివరి ద్రవం వేశాక మాధురి గారిని పిలిచాను. ఆమె స్లైడు కోసం చెయ్యి చాపారు. నేను ముందు కంట్రోల్ స్లైడ్లు ఇచ్చాను.

"వచ్చింది. రెండూ బాగున్నయి," అన్నారు.

తర్వాత సువార్తమ్మ స్లైడు. ఎడమ వలయం. ఆమె కన్ను తీయకుండా చాలాసేపు ఉన్నారు. నాకు ఆమె వేలు ఒక్కటే కనిపిస్తోంది, ఫోకస్ చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ.

"బ్రౌన్ ఉన్నది," అన్నారు. నేను ఊపిరి వదలబోతుంటే చెయ్యెత్తి ఆపారు. "ఆగండి. అంచుల ఉన్నది. అవి మామూలు గాలి గదుల కణాలు కావచ్చు. వాటికీ వస్తది టీటీఎఫ్. క్యాన్సర్ మధ్యల అవి ఇరుక్కుని ఉంటే మోసపోతం."

ముందు రోజు తీసిన ఫోటోలు కంప్యూటర్‌లో తెరిచారు. ఫోటోలో క్యాన్సర్ కణాల కుప్ప ఎక్కడుందో చూడటం, అదే చోటును స్లైడులో వెతకడం, మళ్ళీ ఫోటో. పావుగంట. చివరికి తల పైకెత్తి కళ్ళు రుద్దుకున్నారు.

"కుప్ప మొత్తం ఉన్నది. ట్యూమర్ కణాలే. పీ40 ఏమీ లేదు, దాని కంట్రోల్ మంచిగున్నది. అడినో, లింబాద్రి గారు."

బీడీల మనిషి కాబట్టి స్క్వామస్ అని నేను మనసులో రాసుకున్న తీర్పు అలా తప్పింది.

శనివారం దేవదాసు రిపోర్టు తీసుకోవడానికి ఒక్కడే వచ్చాడు. కాగితం పైనుంచి కింద దాకా చదివి, "నెగెటివ్ అని గూడ రాసిండ్రు గదా సార్ గీడ. గది నిజం నెగెటివేనా?" అని అడిగాడు. ల్యాబులో చేసినవాడి ప్రశ్న అది. లోపలికి తీసుకెళ్ళి పీ40 కంట్రోల్ స్లైడు మైక్రోస్కోపులో చూపించాను. గోధుమ రంగు చూసుకున్నాక సరేనని తలూపి వెళ్ళాడు.

ముక్క మిగల్లేదు కాబట్టి తర్వాతి వారం హైదరాబాద్‌లో రక్తంతో జీన్ పరీక్ష చేశారు. మాత్రలు పనిచేసే మార్పు ఉందని తేలింది. ఆ మాత్రలతో సువార్తమ్మ రెండేళ్ళు దాటి కొన్ని నెలలు బతికింది. జబ్బు పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా. కానీ రెండోసారి ఛాతీలోకి సూది దిగలేదు. ఈ సంగతులన్నీ నాకు దేవదాసే ఫోన్ చేసి చెప్పాడు, ఆమె పోయిన నెలకు.

ఆ కేసు తర్వాత మా గదిలో రెండు పద్ధతులు మార్చాం. కంట్రోల్ ముక్కను వేరే గాజు మీద కాకుండా పేషెంటు స్లైడు మీదే ఒక మూల పెట్టడం మొదలుపెట్టాం, చూడకుండా దాటిపోవడం కుదరకూడదని. చిన్న బయాప్సీ అయితే మొదటి కోతలోనే పూత ఉన్న గాజు మీద నాలుగు స్లైడ్లు అదనంగా కోసి దాచడం రెండోది. ఇవి ఇతర చోట్ల ఎప్పటి నుంచో చేస్తున్నవే. నాకు తెలియనివి కూడా కావు. నా లెక్క ఏడాదిన్నరగా తప్పలేదు కదా అని అవసరం లేదనుకున్నాను.

ఆ సోమవారం నేను తీసి పెట్టుకున్న ఫార్మాట్ గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. మాధురి గారు కంట్రోల్ ఏదని అడగకపోతే, రెండు నెగెటివ్‌లతో ఒక శుభ్రమైన రిపోర్టు వెళ్ళేది. అందులో అక్షరం తప్పు ఉండేది కాదు. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. సువార్తమ్మకు వేరే మందు ఎక్కేది. స్లైడు మీద రంగు లేకపోవడానికి రెండు కారణాలుంటాయి. అక్కడ ఆ ప్రోటీన్ లేకపోవడం ఒకటి. ఉన్నదాన్ని మనం చూడలేకపోవడం ఒకటి. మైక్రోస్కోపులో రెండూ ఒకే నీలంగా కనిపిస్తాయి.